మిగిలిన ఆట

గత సంవత్సరము జూన్ నెలలో, బడి తెరచిన మొదటి వారమున, మా పాఠశాల వరండాలో జరిగిన ఒక చిన్న సంభాషణ చాల దినములవరకు నా మనస్సును విడువలేదు. ఈ పత్రికకు ఏదేని వ్రాయుమని విద్యార్థులు నన్ను కోరినప్పుడు మొట్టమొదట జ్ఞాపకమునకు వచ్చినది అదియే.

మూడు రాష్ట్రముల ఎల్లలు దగ్గరగా కలియు ఈ హోసూరు ప్రాంతమున మన పెద్దలు తరతరములుగా ఇంట తెలుగు మాటలాడుచు, సంతలో కన్నడము వినుచు, కచేరీలలో తమిళమున వ్యవహరించుచు జీవించుచున్నారు. అట్టి ఒక ఇంటినుండి ఒక తండ్రి తన కుమార్తెను ఎనిమిదవ తరగతిలో చేర్పించుటకు వచ్చెను. ఆయన గులాబి తోటలో పనిచేయువాడు. చేతులనిండ ముండ్ల గీతలుండెను. మాటలో కపటము లేదు. దరఖాస్తు నింపుచు నేను, "ఇంతవరకు ఎక్కడ చదివించితిరి?" అని అడిగితిని.

"పట్నంలో ఇంగ్లీషు బడిలో సీటు కోసరం నెల దినాలు తిరిగినా అయివారూ. ఆడా దొరకలేదు, ఈడా దొరకలేదు. ఇంక మిగిలింది ఈ తెలుగు బడి ఒకటే. సరే, ఈ యేడు గడవనీ అని పిలుచుకొని వచ్చినా" అనెను.

ఆయన నన్ను నొప్పించుటకు అన్నమాట కాదది. ఉన్నదున్నట్లు చెప్పినాడు. కాని ప్రక్కన నిలిచియున్న ఆ బాలిక తల వంచుకొని తన కాలి వ్రేళ్లను చూచుకొనుచుండెను. మిగిలినది అన్న మాట ఆమె చెవిని పడినది. తరువాత రెండు నెలలు నేను గమనించితిని. ఆమె చక్కగా చదువును. పద్యము ఒకసారి విన్నచో తప్పులేక అప్పగించును. అయినను ప్రశ్న అడిగినప్పుడు చేయి ఎత్తదు. వెనుక వరుసలో, కిటికీ ప్రక్కన, కొలది దినములలో దిగిపోవలసిన ప్రయాణికురాలివలె కూర్చుండును.

ఆ బాలికను చూచినప్పుడెల్ల నాకు నా బాల్యము జ్ఞాపకమునకు వచ్చుచుండెను. నేనును ఇట్టి తెలుగు పాఠశాలలోనే చదివితిని. ఎనిమిదవ తరగతిలోనున్నప్పుడు ఆటల పోటీలకు పేర్లు వ్రాసికొనుచుండిరి. నాకు కబడ్డీ జట్టులో చేరవలెనని గొప్ప కోరిక. నా వంతు వచ్చుసరికి కబడ్డీ నిండినది, వాలీబాలు నిండినది, పరుగు పందెములును నిండినవి. డ్రిల్లు మాస్టరుగారు కాగితము చూచి, "గుండు విసరుట ఒకటే మిగిలినది, వ్రాసికొందునా?" అనిరి. నేను సన్నని కట్టెపుల్లవంటి బాలుడను. తోటివారు నవ్విరి. ఆ సాయంకాలము గుండును ఒకసారి ఎత్తితిని. అది నా పాదముల దగ్గరనే పడెను. మరునాడు నేను మైదానమునకు పోలేదు. ఆ మరునాడును పోలేదు. ఎవరును నన్ను పిలువలేదు. కొన్ని దినములకు ఆ గుండును మరియొక బాలుడు ఎత్తుచుండగా తరగతి కిటికీనుండి చూచితిని. అతడును నాకన్న బలవంతుడేమియు కాడు. ప్రతి సాయంకాలము మైదానమునకు వచ్చుచుండెను, అంతే.

ఇది చిన్న సంగతి. కాని నలువది యేండ్లు దాటినను నేను దానిని మరువలేదు. కబడ్డీ దొరకనందుకు నాకు ఇప్పుడు విచారము లేదు. గుండు దొరకినను దానిని పట్టుకొనలేదే అన్నదియే విచారము.

ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నము తమిళ ఉపాధ్యాయులు సెలవులో నుండుటచే ఎనిమిదవ తరగతి నాకు అప్పగింపబడెను. పాఠము చెప్పుటకు మనసు పోలేదు. "ఈ దినము మీకొక కత్తిసాము చేయు అమ్మాయి కథ చెప్పుదును" అంటిని. పిల్లలు సర్దుకొని కూర్చుండిరి. కిటికీ ప్రక్కనున్న బాలిక మాత్రము బయటకే చూచుచుండెను.

నల్లబల్లపై "సి. ఏ. భవానీదేవి" అని వ్రాసితిని. "ఈ రెండక్షరముల వెనుక ఏమున్నదో చెప్పగలరా?" అని అడిగితిని. ఎవరును చెప్పలేదు. తమిళనాట పుట్టి పెరిగిన మనకు ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా మారిపోవుట కొత్త కాదు. హాజరుపట్టీలో మన పిల్లల ఇంటిపేర్లన్నియు అట్లే దాగియున్నవి. ఆ మొదటి అక్షరము చదలవాడ. రెండవది తండ్రిపేరు, ఆనంద సుందరరామన్. ఆయన స్వస్థలము గోదావరి ప్రాంతమందలి సామర్లకోట. దేవాలయములో అర్చకత్వము ఆయన వృత్తి. చెన్నపట్టణము చేరి అక్కడనే స్థిరపడెను. ఆ ఇంట 1993 ఆగస్టు 27వ తేదీన భవానీదేవి జన్మించెను. మన యిండ్లవంటి ఇల్లే అది.

2004లో ఆ బాలిక చెన్నైలోని మురుగ ధనుష్కోటి బాలికల పాఠశాలలో చేరినప్పుడు విద్యార్థినులు ఏదేని ఒక ఆటను ఎన్నుకొనవలసియుండెను. ఆమె వంతు వచ్చునప్పటికి తక్కిన ఆటలన్నింటిలోను స్థలములు నిండిపోయినవి. మిగిలినది ఫెన్సింగ్ ఒక్కటే. అది ఎట్టి ఆటయో ఆ నాడు మన దేశమున తెలిసినవారు బహు కొద్దిమంది. పదునొకండవ యేట అడుగిడబోవుచున్న ఆ బాలిక దానినే పుచ్చుకొనెను.

ఈ మాట చెప్పునప్పుడు నేను కిటికీవైపు చూడలేదు. కాని ఆమె తల ఇటు తిరిగినట్లు తెలిసినది.

పిల్లలు ఆ ఆటను గూర్చి అడిగిరి. నాకు తెలిసినంత చెప్పితిని. ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపీ, సేబర్ అను మూడు విధముల కత్తులు కలవు. మొదటి రెండింటితో మొనతో పొడుచుటయే పద్ధతి. సేబర్‌తో మొనతోను పొడువవచ్చును, అంచుతోను కొట్టవచ్చును. సేబర్‌లో నడుమునకు పైభాగము, తల, బాహువులు మాత్రమే గురి. కత్తికి పదును లేదు. దాని బరువు అర కిలోకు లోపు. పదునాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్లకు మించని వెడల్పు గల పట్టీవంటి స్థలముపై ఇరువురు ఎదురెదురుగా నిలుతురు. ముఖమునకు జాలి, ఒంటికి లోహపు దారములతో నేసిన చొక్కా, వెనుక ఒక విద్యుత్తు తీగ ఉండును. కత్తి తాకినంతనే దీపము వెలుగును. ఇరువురి దీపములును ఒకేసారి వెలిగినచో, ముందుగా దాడికి పూనుకొన్నవారెవరో మధ్యవర్తి నిర్ణయించి వారికి పాయింటు ఇచ్చును. ముందు పదునైదు పాయింట్లు పొందినవారు గెలిచినట్లు.

"అయితే భయపడి వెనుకకు పోయినవారికి పాయింటు రాదా అయివారూ?" అని ముందు వరుసలోని బాలుడు అడిగెను.

"వెనుకకు పోవుటకును హక్కు కలదు. సమయము చూచి మరల ముందుకు వచ్చుటకే ఆ వెనుకడుగు. పట్టీ చివరను దాటి రెండు పాదములును బయటపెట్టినచో మాత్రము ఎదుటివారికి పాయింటు" అని చెప్పితిని. చెప్పిన తరువాత నా గుండు జ్ఞాపకము వచ్చెను. నేను పట్టీ దాటిపోయిన బాలుడను.

స్త్రీల సేబర్ పోటీ ఒలింపిక్ క్రీడలలో మొట్టమొదట ప్రవేశించినదియు ఆ 2004లోనే, ఏథెన్సు నగరమున. అక్కడ బంగారు పతకము గెలిచినది అమెరికాకు చెందిన మేరియెల్ జగూనిస్ అను యువతి. ఆమెకు మొదట ఆ పోటీలో స్థానమే దొరకలేదు. నైజీరియా దేశము తమకు వచ్చిన స్థానమును వదలుకొనగా, అట్లు మిగిలిన స్థానము ఆమెకు లభించెను. తరువాత 2008లో బీజింగ్‌లోను ఆమెయే గెలిచెను. మిగులు స్థానమున వచ్చినవారని పతకము ఇచ్చువారు బంగారములో తరుగు తీయలేదని నేను అనగా పిల్లలు నవ్విరి.

చెన్నైలో మన బాలిక సంగతి అంత సులభముగా సాగలేదు. విద్యుత్తుతో పనిచేయు కత్తులు ఖరీదైనవి. కత్తి విరిగినచో మరల కొనుట మధ్యతరగతి ఇంటికి తలకు మించిన భారము. అందుచే ఆమె ప్రారంభ దినములలో వెదురు కర్రలతో అభ్యాసము చేసెను. అసలు కత్తిని పోటీలకే దాచుకొనెను. తల్లి రమణిగారు ఆమెకు అండగా నిలిచి, అవసరమైనప్పుడు తన నగలను కుదువబెట్టి డబ్బు సమకూర్చెను. ఇంట ఎవరికిని తెలియని ఆట, ఉద్యోగము తెచ్చునో లేదో చెప్పలేని ఆట. అట్టిదానికొరకు నగలు తీసి ఇచ్చుట సామాన్యమైన మాట కాదు. ఇది చదువుచున్న తల్లులకు దాని బరువు నాకన్న బాగుగా తెలియును.

పదునాలుగవ యేట ఆమె మొదటి అంతర్జాతీయ పోటీకి తుర్కీ దేశము పోయెను. అక్కడ పోటీస్థలమునకు మూడు నిమిషములు ఆలస్యముగా చేరెను. ఫెన్సింగ్‌లో తప్పు చేసినవారికి పసుపు, ఎరుపు, నలుపు చీటీలు చూపుదురు. నలుపు చీటీ అనగా పోటీనుండి వెలివేయుట. ఆమెకు నలుపు చీటీయే చూపిరి. అంత దూరము పోయి, కత్తి ఎత్తకయే తిరిగి వచ్చెను.

తరగతిలో నిశ్శబ్దము ఆవరించెను. అప్పుడు కిటికీ ప్రక్కనుండి ఒక సన్నని స్వరము వినవచ్చెను. "మూడు నిమిషాలకేనా అయివారూ?"

జూన్ మొదలు ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను తొట్రుపాటు కనబడనీయక, "మూడు నిమిషములకే" అంటిని. "ఆడినాక ఓడిపోయుంటే అంత ఏడుపు రాదు కదా" అనెను. "రాదు" అంటిని. నాకంటె బాగుగా ఆ సంగతి తెలిసినవారెవరు?

కథ కొనసాగించితిని. పదవ తరగతి ముగిసిన తరువాత భవానీదేవి ఇల్లు విడచి కేరళలోని తలశ్శేరికి పోయెను. అక్కడ భారత క్రీడా ప్రాధికార సంస్థవారి శిక్షణ కేంద్రము కలదు. సాగర్ లాగు అను శిక్షకుని వద్ద నేర్చుకొనెను. పుట్టిన ఇంటి భాష ఒకటి, పెరిగిన ఊరి భాష ఒకటి, నేర్చుకొను ఊరి భాష మరియొకటి. మన పిల్లలకు ఇది కొత్త కాదు. భాషలు ఎక్కువగుట బరువని కొందరు అనుకొందురు. ఆమెకు అవి అడ్డము రాలేదు. చదువును విడువలేదు. చెన్నైలో కళాశాల చదువును, పిదప తలశ్శేరిలోని బ్రెన్నన్ కళాశాలలో వాణిజ్య నిర్వహణ విద్యను పూర్తిచేసెను.

2014లో ఫిలిప్పీన్స్ దేశమున జరిగిన ఆసియా పోటీలలో, ఇరువది మూడేండ్లలోపువారి విభాగమున, ఆమెకు రజత పతకము వచ్చెను. అప్పటికిని ధనాభావము తీరలేదు. తమిళనాడు ప్రభుత్వము చేసిన సహాయముతో విదేశ శిక్షణకు పోగలిగెను. తరువాత ఒక క్రీడా సంస్థ ఆమె భారమును కొంత వహించెను. 2016లో బ్రెజిల్ దేశపు రియో నగరమున జరిగిన ఒలింపిక్స్‌కు ఎంపిక కావలెనని ఆమె ఆశించెను. ఎంపిక కాలేదు. ఆట మొదలుపెట్టి అప్పటికి పండ్రెండు సంవత్సరములు.

పండ్రెండు సంవత్సరములు! మన పిల్లలు ఒకటవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు చదువు కాలమంత. అంత కాలము ఒకే గురిపై కష్టపడి, అది తప్పిన దినమున మనమైనచో ఏమందుము? "మొదటనే అంటిని, అది మిగులు ఆట, మనకేల?" అందుము. ఆమె ఇటలీ దేశమందలి లివోర్నో నగరమునకు పోయి నికోలా జనోత్తి అను శిక్షకుని వద్ద చేరెను. అక్కడి భాష తెలియదు, తిండి వేరు, చలి వేరు. మరల పాదముల నడక మొదలు దిద్దుకొనవలసివచ్చెను.

మరు సంవత్సరము, 2017లో, ఐస్లాండ్ రాజధాని రేక్యావిక్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీలో ఆమె స్వర్ణపతకము గెలిచెను. అంతర్జాతీయ ఫెన్సింగ్ పోటీలో భారతీయులకు అదియే మొదటి స్వర్ణము. 2018లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో జరిగిన కామన్వెల్త్ ఫెన్సింగ్ పోటీలలోను స్వర్ణము పొందెను. 2019లో తండ్రి గతించెను. అర్చకుని కుమార్తె ఒలింపిక్ పట్టీపై నిలుచుట ఆయన చూడలేదు.

2020లో జరుగవలసిన టోక్యో ఒలింపిక్స్ కరోనా వ్యాధి కారణమున ఒక సంవత్సరము వాయిదా పడెను. 2021 మార్చి నెలలో, బుడాపెస్ట్ ప్రపంచ కప్ పోటీల పిమ్మట, ర్యాంకు ననుసరించి ఆమెకు ఒలింపిక్స్‌లో స్థానము లభించెను. ఒలింపిక్ ఫెన్సింగ్‌కు ఎంపికైన మొదటి భారతీయురాలు ఆమె. ఫెన్సింగ్ 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ నాటినుండియు ఉన్న క్రీడ. నూట ఇరువదియైదు సంవత్సరముల పిదప మన దేశమునుండి ఒకరు ఆ పట్టీపై కాలు మోపిరి.

2021 జూలై 26వ తేదీన టునీషియా దేశపు నాదియా బెన్ అజీజీతో ఆమె మొదటి పోటీ. పదునైదు పాయింట్లకు మూడు మాత్రమే ఇచ్చి గెలిచెను. అదే దినమున రెండవ పోటీలో ఫ్రాన్స్ దేశపు మానన్ బ్రూనే ఎదురుపడెను. బ్రూనే ప్రపంచములో అగ్రశ్రేణి క్రీడాకారిణి. ఆ ఒలింపిక్స్‌లోనే కాంస్యపతకము గెలిచెను. ఆమె చేతిలో భవానీదేవి 7-15 తేడాతో ఓడెను. అటుపిమ్మట తన శక్తినంతయు ఒడ్డినను గెలువలేకపోతినని, అందులకు క్షమింపుడని దేశప్రజలకు వ్రాసెను. క్షమాపణ వేడవలసినది ఆమెయా, అంతవరకు ఆ ఆట పేరైనను తెలిసికొనని మనమా అని నాకు తోచినది.

నేను ఇంతటితో ఆపి సుద్దముక్క క్రింద పెట్టితిని. గంట కొట్టుటకు ఇంకను అయిదు నిమిషములుండెను. కిటికీ ప్రక్కనున్న బాలిక మరల అడిగెను.

"ఓడిపోయినాక ఏం చేసింది అయివారూ?"

ఇన్నేండ్లుగా పాఠములు చెప్పుచున్నాను. గెలుపు ఎట్లు కలిగినదని అడిగిన పిల్లలు పెక్కుమంది. ఓడిన మరునాటి సంగతి అడిగినవారు తక్కువ. నేను సంతోషముతో చెప్పితిని. ఆమె మరల అభ్యాసమునకు పోయెను. ఆ సంవత్సరముననే అర్జున పురస్కారము అందుకొనెను. 2023 జూన్ నెలలో చైనా దేశమందలి ఊషీ నగరమున ఆసియా చాంపియన్‌షిప్ పోటీలు జరిగెను. అక్కడ ఎదురైనది జపాన్ దేశపు మిసాకి ఎమురా, 2022 నాటి ప్రపంచ విజేత. ఆమెను భవానీదేవి 15-10 తేడాతో ఓడించెను. తరువాతి పోటీలో ఉజ్బెకిస్తాన్ క్రీడాకారిణి చేతిలో 14-15, ఒక్క పాయింటు తేడాతో ఓడి, కాంస్యపతకము పొందెను. ఆసియా చాంపియన్‌షిప్‌లో భారతదేశమునకు వచ్చిన మొదటి ఫెన్సింగ్ పతకమది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు ఎంపిక కాలేదు.

"అంటే మళ్లీ ఓడిందా?" అనెను వేరొక బాలుడు.

"ఓడెను" అంటిని. దాచలేదు. ఉపాధ్యాయుడు కథను తీపి చేయుటకై సగము మాత్రమే చెప్పరాదు. ఒలింపిక్ పతకము ఆమెకు రాలేదు. ప్రపంచమున ఆమెకన్న వేగముగా కత్తి తిప్పువారు పలువురు కలరు. కాని ఈ దినము మన దేశమున ఒక ఆడుబిడ్డ సేబర్ చేత పట్టి, "నేను ఒలింపిక్స్‌కు పోవుదును" అన్నచో నవ్వువారు లేరు. ఒకరు పోయి వచ్చినారు గనుక. త్రోవ అనగా మొదట ఒకరి పాదముల గుర్తులే కదా!

గంట కొట్టిరి. పిల్లలు బిలబిల పరుగెత్తిరి.

ఆ రాత్రి నేను నా జీవితమును గూర్చియు ఆలోచించితిని. తెలుగు ఉపాధ్యాయుడను కావలెనని నేను కోరుకొనలేదు. కళాశాలలో విజ్ఞానశాస్త్రము కోరితిని, మార్కులు చాలలేదు, తెలుగు బి. ఏ. లో మాత్రము స్థలము మిగిలినది. ఈ మారు పారిపోలేదు. ధైర్యము వలన కాదు, పోవుటకు వేరొక చోటు లేకపోవుటచే. మొదటి సంవత్సరము ముఖము మాడ్చుకొని కూర్చుంటిని. రెండవ సంవత్సరము ఒక పద్యమును గురువుగారు అన్వయించుచుండగా, విడివిడిగానున్న పదములు ఒక్కసారిగా గొలుసువలె కలిసికొనెను. నాటినుండి నేడు వరకు ఆ ఆనందము నన్ను విడువలేదు. మిగిలినదిగా దొరికినది ఎప్పుడు నాదైనదో నాకే తెలియదు. ప్రతిదినము పోయి కూర్చుంటిని, అందుచేత నాదైనది.

మిగిలినదెల్ల మేలైనదని నేను అనను. కోరినది దొరకినచో సంతోషమే. మిగిలినదానిని పట్టుకొన్నవారందరు ఒలింపిక్స్‌కు పోవుదురనియు అనను. మన బడులలో పిల్లల సంఖ్య తగ్గుచున్నదనియు, రేపు ఉద్యోగమునకు ఇంగ్లీషు, తమిళము కావలెననియు తల్లిదండ్రులు భయపడుటలో న్యాయము కలదు. ఆ భాషలను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. నేను అడుగునది ఒక్కటే. బిడ్డను ఎక్కడ చేర్చినను, ఆమె వినుచుండగా "ఏదియు దొరకక ఇక్కడ చేర్చితిమి" అనకుడు. ఆ మాట విన్న బిడ్డ ఆ చోట వేరు పాతుకొనదు. వెదురుకర్రను కర్రగానే చూచినవారికి అది కర్రయే. దానిని కత్తిగా పట్టుకొన్న బాలికకు అది కత్తి అయినది.

దసరా సెలవుల తరువాత ఆ తండ్రి మార్కుల పట్టీ చూచుటకు వచ్చెను. ఆయనను ప్రక్కకు పిలిచి ఈ మాటయే చెప్పితిని. ఆయన కొంచెము సేపు మౌనముగా నుండి, "నేను నిజమే చెప్పినా కదా అయివారూ" అనెను.

"నిజమే చెప్పితిరి. కాని ఆ నిజము జూన్ నెలనాటిది. ఇప్పుడు ఈ పట్టీ చూడుడు" అంటిని.

ఆయన చదువలేడు. కుమార్తెనే చదువుమనెను. ఆమె అంకెలను ఒక్కొక్కటిగా చదివెను. ఆయన చేతి గీతలను చేతితో రుద్దుకొనుచు వినెను. "తొమ్మిదికి పట్నంలో సీటు వస్తే చూడాల" అని పోవునప్పుడు అనెను. నేను వలదనలేదు. అది వారి ఇంటి నిర్ణయము.

ఆమె తొమ్మిదవ తరగతికి ఇక్కడ ఉండునో, పట్టణము పోవునో ఇది వ్రాయునాటికి తేలలేదు. ఎక్కడికి పోయినను మంచిదే. ఒక్క సంగతి మాత్రము చెప్పి ముగింతును. గత వారము వ్యాసముల పుస్తకములు దిద్దుచుంటిని. అన్నింటిపైనను పేరునకు ముందు మామూలుగా ఒక్కొక్క పొడి అక్షరమే ఉన్నది. ఒక పుస్తకముపై మాత్రము ఆ అక్షరము కొట్టివేయబడి, దాని పైన ఇంటిపేరు నిండుగా, గుండ్రని తెలుగు అక్షరములతో, వ్రాయబడియుండెను. కొమ్ములు, ఒత్తులు అన్నియు సరిగానున్నవి. నేను ఎర్రసిరా కలమును ప్రక్కన పెట్టి ఆ పేరును రెండుసార్లు చదువుకొంటిని.